లక్సెంబర్గ్ సర్వే: "చిన్న దేశమే కదా, వెయ్యి మంది దొరకరా" అంటున్న క్లయింట్‌కి ఏం చెప్పాలి?

సర్వే_సతీష్
హైదరాబాద్‌లో మార్కెట్ రీసెర్చ్ బ్యాకెండ్‌లో పని చేస్తున్నా. సర్వే ప్రోగ్రామింగ్, ఫీల్డ్ (జవాబుల సేకరణ) చూసుకోవడం, డేటా శుభ్రం చేసి పంపడం మా పని. ఇప్పుడు లక్సెంబర్గ్ ప్రాజెక్టు ఒకటి నా నెత్తిన ఉంది. ఒక సూపర్ మార్కెట్ చైన్, పేరు చెప్పలేను, అక్కడి జనం వారం వారం సరుకులు ఎక్కడ కొంటున్నారు, రెడీమేడ్ భోజనం ప్యాకెట్లు ఎవరు కొంటున్నారు అని తెలుసుకోవాలట, అక్కడి పోర్చుగీస్ కుటుంబాల లెక్క, ఫ్రెంచ్ వాళ్ల లెక్క విడివిడిగా కావాలట. ఆన్‌లైన్, 20 నిమిషాలు, వెయ్యి మంది, ఫ్రెంచ్ జర్మన్ రెండు భాషలు. ప్రశ్నలు ఫ్రాన్స్‌లో, జర్మనీలో వాడినవే యథాతథంగా పెట్టమన్నారు, మార్చడానికి లేదన్నారు. ఫీల్డ్ నాలుగొందల దగ్గర ఆగిపోయింది, పానెల్ వాళ్లు, అంటే సర్వేలకి జవాబిస్తామని ముందే చేరినవాళ్ల జాబితా నడిపేవాళ్లు, ఇంక మా దగ్గర మనుషుల్లేరు బాబూ అంటున్నారు. వచ్చినవాళ్లలో ముప్పాతిక మంది ఫ్రెంచ్‌లోనే నింపారు. క్లయింటేమో ప్రతి కాల్‌లోనూ ఇంత చిన్న దేశంలో వెయ్యి మందిని పట్టుకోలేరా, అయితే శాంపిల్ సగం చేసేయండి, చిన్న దేశానికి చిన్న శాంపిల్ చాలు కదా అంటున్నాడు. అక్కడ ఉన్నవాళ్లు, అక్కడి సర్వేలు చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, అసలు ఆ దేశంలో ఈ పని ఎలా చేస్తారు?

లెక్కల_మాస్టారు
ముందు ఆ "చిన్న దేశానికి చిన్న శాంపిల్" మాట దగ్గరే ఆపండి. శాంపిల్ సైజు దేశం సైజుని బట్టి ఉండదు. ర్యాండమ్‌గా తీసిన వెయ్యి మందికి పొరపాటు హద్దు అటూ ఇటూ 3.1 శాతం, 140 కోట్ల దేశమైనా అంతే, 6.8 లక్షల లక్సెంబర్గ్ అయినా అంతే, తేడా ఎక్కడో మూడో దశాంశంలో. 500కి తగ్గిస్తే 4.4 అవుతుంది. మొత్తం మీద అది పెద్ద నష్టం కాదు, అసలు నష్టం ముక్కలు చేసినప్పుడు తెలుస్తుంది. 500లో 15 శాతం ఉన్న వర్గాన్ని విడిగా చూడాలంటే చేతిలో మిగిలేది 75 మంది, వాళ్ల మీద పొరపాటు 11 శాతం పైనే. ఆ అంకెతో ఏ షాపులో ఏం పెట్టాలో ఎలా నిర్ణయిస్తారు?

హైటెక్_హరి
మాస్టారూ అయితే 5 వేల జనాభా ఉన్న మా ఊరికి కూడా వెయ్యి మంది కావాలా 😀

లెక్కల_మాస్టారు
హరీ, 5 వేలంటే కొంచెం తగ్గుతుంది, అదే హద్దుకి 830 చిల్లర చాలు. జనాభా లక్ష దాటిందంటే ఇంక ఆ తగ్గింపు లెక్కలోకే రాదు. ఇంకో మాట, ఈ హద్దులన్నీ ర్యాండమ్ శాంపిల్‌కే. పానెల్‌లో చేరినవాళ్లని కోటాలతో, అంటే ఈ వయసువాళ్లు ఇంతమంది, ఆ ప్రాంతంవాళ్లు ఇంతమంది అని, ఏరుకుంటే ఆ 3.1 అనే అంకె రిపోర్టులో రాయడానికి కూడా నాకు మనసొప్పదు.

బ్రస్సెల్స్_భాస్కర్
యూరోబారోమీటర్ అని ఈయూ వాళ్లు చేయించే ప్రజాభిప్రాయ సర్వేలో కూడా మామూలు దేశాలకి సుమారు వెయ్యి మందిని అడిగితే లక్సెంబర్గ్, మాల్టా, సైప్రస్‌లకి 500 చొప్పునే అడుగుతారు. సతీష్, మీ క్లయింట్ ఇది చూపించి వాదిస్తాడు, ముందే జవాబు రెడీ పెట్టుకోండి. వాళ్లు దేశానికో సగటు చెప్పడానికి చేస్తారు. మీ వాళ్లకి పోర్చుగీస్ కుటుంబాలు విడిగా, ఫ్రెంచ్ వాళ్లు విడిగా కావాలి. అవసరమే వేరు.

ఎష్_అక్క
నేను ఎష్ సుర్ అల్జెట్‌లో ఉంటాను, లక్సెంబర్గ్‌కి దక్షిణాన, ఫ్రాన్స్ బోర్డరు పక్కనే. రెండు భాషలు పెట్టారని చదివాక ఉండబట్టలేక రాస్తున్నా. తమ్ముడూ, ఇక్కడ జనాభాలో 47 శాతం మంది విదేశీ పౌరులు, లక్సెంబర్గ్ సిటీలోనైతే 70 శాతం దాకా. 2021 జనగణనలో మీ ప్రధాన భాష ఏంటి అని అడిగితే లక్సెంబుర్గిష్ అన్నవాళ్లు దాదాపు 49 శాతం, పోర్చుగీస్ 15, ఫ్రెంచ్ 15, ఇంగ్లీష్ ఇటాలియన్ మూడున్నర చొప్పున, జర్మన్ 3 శాతం లోపు. మీరు పెట్టిన రెండు భాషల్నీ కలిపినా ప్రధాన భాషగా చెప్పినవాళ్లు ఐదో వంతు లేరు.

అలా అని మిగతావాళ్లకి ఫ్రెంచ్ జర్మన్ రాదని కాదు, చాలామందికి వచ్చు. కానీ వాడకం చూడండి. ఇక్కడ పుట్టి పెరిగినవాడు బడిలో అక్షరాలు జర్మన్‌లో దిద్దుకుని ఉంటాడు, రెండో ఏడు నుంచి ఫ్రెంచ్, ఇంట్లో ఫ్రెండ్స్‌తో లక్సెంబుర్గిష్. పేపరు జర్మన్‌లో చదువుతాడు, కోర్టు చట్టం ఫ్రెంచ్‌లో, రేడియో లక్సెంబుర్గిష్‌లో. 1984 చట్టంలోనే మూడు భాషలూ ఉన్నాయి. షాపులో కౌంటర్ దగ్గర నిలబడితే ఎక్కువసార్లు వినిపించేది ఫ్రెంచ్, ఎందుకంటే ఆ కౌంటర్లో కూర్చున్న అమ్మాయి చాలాసార్లు ఫ్రాన్స్ నుంచి రైల్లో వచ్చి ఉంటుంది. మా వీధిలో బిల్డింగ్ పనికొచ్చే మేస్త్రీలు, క్లీనింగ్‌కి వెళ్లే ఆడవాళ్లు సగం మంది పోర్చుగీస్ వాళ్లే, వాళ్లు ఫ్రెంచ్‌లో పని చక్కబెట్టుకుంటారు గానీ పనయ్యి ఇంటికొచ్చి 20 నిమిషాల ఫ్రెంచ్ సర్వే ఫోన్లో చదువుతూ నింపమంటే రెండో పేజీలో వదిలేస్తారు. మీరు ఏ భాషలో అడుగుతున్నారో దాన్ని బట్టే ఎవరు జవాబిస్తారన్నది తేలిపోతోంది, ఆ తర్వాత ఎన్ని కోటాలు పెట్టినా ఏం లాభం.

కిర్చ్‌బర్గ్_కిరణ్
అక్కా కొంచెం ఎక్కువ చేసి చెప్తున్నారేమో. నేను కిర్చ్‌బర్గ్‌లో ఫండ్స్ కంపెనీలో ఉన్నా, ఆఫీసులో, ట్రామ్‌లో, జిమ్‌లో ఎక్కడా ఇంగ్లీష్ తప్ప అవసరం పడలేదు. ఇంగ్లీష్ ఒక్కటి యాడ్ చేస్తే సగం సమస్య తీరిపోతుంది.

ఎష్_అక్క
కిరణ్, కిర్చ్‌బర్గ్ అంటే బ్యాంకులు, ఈయూ ఆఫీసులు. అక్కడ ఇంగ్లీష్‌తో బతకొచ్చు, ఒప్పుకుంటా. ఒకసారి శనివారం పొద్దున డిఫెర్డాంజ్ రా, లేదా ఉత్తరాన క్లెర్వో వైపు వెళ్లు, ఇంగ్లీష్‌లో గుమ్మడికాయ కొనడానికి ప్రయత్నించు. ఇంగ్లీష్ పెట్టాలి, వద్దనట్లా. అది మన లాంటి వాళ్లని తెస్తుంది, బాగా జీతాలున్న కుర్రాళ్లని తెస్తుంది. రెడీమేడ్ భోజనం ఎక్కువ కొనేదీ వాళ్లే. వాళ్లతో శాంపిల్ నింపేస్తే దేశమంతా ప్యాకెట్ అన్నమే తింటోందని రిపోర్టు వస్తుంది.

కిర్చ్‌బర్గ్_కిరణ్
అది పాయింటే. మా ఫ్లోర్‌లో మధ్యాహ్నం మైక్రోవేవ్ దగ్గర క్యూ ఉంటుంది 😅

ఆర్లాన్_రవి
నాదొక ప్రశ్న. నేను ఉండేది బెల్జియంలో ఆర్లాన్, పని చేసేది లక్సెంబర్గ్‌లో. అద్దె భరించలేక ఇటు వచ్చాం. మధ్యాహ్నం భోజనం అక్కడే, పెట్రోలు అక్కడే, సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు పాలు బ్రెడ్ కూడా సగం సార్లు అక్కడే. సతీష్ గారి సర్వేలో నేను ఉన్నానా లేనా? నా లాంటి వాళ్లు 2.2 లక్షల మందికి పైనే రోజూ బోర్డర్ దాటుతున్నాం, సగానికి పైగా ఫ్రాన్స్ నుంచి, మిగతావాళ్లు బెల్జియం, జర్మనీ నుంచి. ఆ దేశంలో ఉద్యోగాల్లో దాదాపు సగం మావే.

సర్వే_సతీష్
రవి గారూ, మొదటి ప్రశ్నే "మీరు లక్సెంబర్గ్‌లో నివసిస్తున్నారా", కాదంటే సర్వే అక్కడితో క్లోజ్. కానీ మీరడిగాక లాగ్ చూశా, అక్కడ బయటికి వెళ్లిపోయినవాళ్లు చాలామందే ఉన్నారు.

ఆర్లాన్_రవి
అంటే మమ్మల్ని పిలిచి గుమ్మంలోంచే పంపించేశారన్నమాట. షాపుకి డబ్బులిచ్చేవాళ్లం కూడా మేమే.

లెక్కల_మాస్టారు
రవి చెప్పింది ఈ థ్రెడ్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. ఎవరి గురించి తెలుసుకోవాలి అనేది మొదట తేల్చాలి. దేశవాసుల గురించా, ఆ దేశంలో కొనేవాళ్ల గురించా? వేరే దేశాల్లో ఈ రెండూ ఒకటే కాబట్టి ఎవరూ అడగరు. లక్సెంబర్గ్‌లో తలసరి జీడీపీ అంత పెద్దగా కనిపించడానికి ఒక కారణం కూడా ఇదే, బయటి నుంచి వచ్చినవాళ్లు సంపాదించింది పైన కలుస్తుంది, కింద జనాభాలో వాళ్లు ఉండరు. అమ్మకాల లెక్కల్నీ అలాగే జనాభాతో భాగిస్తే తప్పుడు బొమ్మ వస్తుంది.

డేటా_దీప్తి
నేను ఒప్పుకోను మాస్టారూ. క్లయింట్ అడిగింది కుటుంబాల వారం సరుకులు. అది నివసించేవాళ్ల విషయం. బోర్డర్ దాటి వచ్చేవాళ్లు అక్కడ కొనేది మధ్యాహ్నం తిండి, పెట్రోలు, సిగరెట్లు, కాఫీ. రెండూ ఒక సర్వేలో కలిపితే ఏదీ సరిగ్గా తేలదు.

ఆర్లాన్_రవి
దీప్తి గారూ, రెడీమేడ్ భోజనం ప్యాకెట్లు కూడా అడిగారు కదా, అది మధ్యాహ్నం తిండే.

డేటా_దీప్తి
సరే, అయితే రెండు శాంపిళ్లు. నివాసులకి పూర్తి సర్వే, బోర్డర్ వాళ్లకి విడిగా 5 నిమిషాల చిన్నది, భోజనం, పెట్రోలు బంకు షాపు మీద మాత్రమే. వెయిటింగ్ (తక్కువగా దొరికిన వర్గానికి లెక్కలో ఎక్కువ బరువివ్వడం) కూడా విడివిడిగా. ఒక టేబుల్లో కలపకండి, అదొక్కటే నా పట్టు.

ఎష్_అక్క
దీనికి రివర్స్ కూడా ఉంది మర్చిపోకండి. ఇక్కడివాళ్లు శనివారం కారేసుకుని జర్మనీలో ట్రియర్‌కో, ఫ్రాన్స్ వైపో వెళ్లి నెల సరుకులు తెచ్చుకుంటారు. నేనూ వెళ్తా, సబ్బులు షాంపూలు అటు చవక. ఫ్రాన్స్ క్వశ్చనేర్ యథాతథంగా పెట్టారంటే "ఏ షాపులో కొంటారు" అన్నదానికి ఇచ్చిన లిస్టులో అటువైపు షాపులు ఉన్నాయా?

సర్వే_సతీష్
లేవక్కా. "ఇతరములు" మాత్రం ఉంది. దాంట్లో చేత్తో టైప్ చేసినవి ఇప్పుడే తెరిచి చూస్తున్నా, ట్రియర్, ట్రియర్, తియోన్‌విల్, మెస్సాన్సీ, మళ్లీ ట్రియర్.

ఎష్_అక్క
చూశారా. మీ క్లయింట్‌కి పక్క వీధి షాపు కాదు పోటీ, పక్క దేశం పోటీ.

బ్రస్సెల్స్_భాస్కర్
బెల్జియంలో మా తలనొప్పి ఇంకో రకం. ఇక్కడ ఎంతమంది ఏ భాష మాట్లాడతారో అధికారిక లెక్కే లేదు. ఆఖరిసారి జనగణనలో భాష అడిగింది 1947లో, 1961లో దాన్ని చట్టంతోనే తీసేశారు, అంత గొడవ అయింది మరి. ఫ్లాండర్స్, వలోనియా రెండు దేశాల్లా చూసి రెండు సర్వేలు చేస్తారు, టీవీ రేటింగ్‌లు కూడా ఉత్తరానివి దక్షిణానివి విడివిడిగానే. బ్రస్సెల్స్‌లో మాత్రం ఏ వీధిలో ఎవరికి ఏ భాషలో పలకరించాలో తెలీదు. మీకు కనీసం 2021 జనగణన అంకె ఉంది, దాని మీద వెయిట్ చేసుకోవచ్చు, అదృష్టవంతులు.

జ్యూరిక్_జానకి
స్విట్జర్లాండ్‌లో భాషలకి హద్దులున్నాయి, ఏ కాంటన్ (మన రాష్ట్రం లాంటిది) ఏ భాషో చాలావరకు తెలుసు. టిచినోలో ఇటాలియన్ వాళ్లు దేశ జనాభాలో 4 శాతమే, వెయ్యిలో 40 మంది వస్తారు, అందుకని వాళ్లని కావాలనే ఎక్కువ తీసుకుని తర్వాత వెయిట్‌తో తగ్గిస్తాం. లక్సెంబర్గ్‌లో అలా మ్యాప్ మీద గీత గీయలేరు, ఒకే అపార్ట్‌మెంట్‌లో నాలుగు భాషలు.

నేను ఇంకో విషయం చెప్పాలనుకున్నా. సతీష్, మీ సర్వేలో రేటింగ్ స్కేల్ 1 నుంచి 5 ఉందా? జర్మనీ బడుల్లో 1 అంటే ఫస్ట్ మార్కు, 6 అంటే ఫెయిల్. ఫ్రాన్స్‌లో 20కి మార్కులు, ఎక్కువొస్తే మంచిది. లక్సెంబర్గ్ సెకండరీ బడిలో 60కి. 1 నుంచి 5 అని ఊరికే అంకెలు పెడితే జర్మనీలో చదువుకున్నవాళ్లు కొందరు తలకిందులుగా ఇచ్చేస్తారు. మేం జ్యూరిక్‌లో ఒక సర్వీసు సర్వేలో చూశాం, "1" ఇచ్చి పక్కన కామెంట్‌లో అద్భుతంగా ఉంది అని రాశారు. 0 నుంచి 10 పెట్టి రెండు చివర్లా మాటలు రాయండి, ఈ మూడు బడుల మార్కులతోనూ కలవదు.

సర్వే_సతీష్
1 నుంచి 5 ఏ ఉంది 😟 జర్మన్‌లో వచ్చినవాటికి కామెంట్లతో పోల్చి చూస్తా.

డేటా_దీప్తి
మొదటి స్క్రీన్ ఎలా ఉంది? బ్రౌజర్ భాషని బట్టి ఆటోమేటిక్‌గా ఫ్రెంచ్‌కి వెళ్తోందా?

సర్వే_సతీష్
అవును. కాదనుకుంటే పైన చిన్న జెండా నొక్కాలి.

డేటా_దీప్తి
అక్కడే మీ ముప్పాతిక ఫ్రెంచ్‌లో కొంత ఉండి ఉంటుంది. ఆటో తీసేయండి. మొదటి స్క్రీన్ మీద వేరే ఏమీ వద్దు, ఐదు బటన్లు, ఒక్కో భాష పేరు ఆ భాషలోనే: లెట్సెబుయెర్గెష్, ఫ్రాన్సే, డాయిచ్, పుర్తుగేష్, ఇంగ్లీష్. జెండాలు అస్సలు వద్దు. లక్సెంబర్గ్ జెండా నెదర్లాండ్స్ జెండాలాగే ఉంటుంది, నీలం కాస్త లేత, అంతే. ఫ్రెంచ్‌కి ఫ్రాన్స్ జెండా పెడితే బెల్జియం నుంచి వచ్చినాయన ఎందుకు నొక్కాలి? బటన్ల వరుస మనిషి మనిషికీ మారాలి. మధ్యలో భాష మార్చుకున్నా ఇచ్చిన జవాబులు పోకూడదు. ఏ భాషలో మొదలుపెట్టారు, ఏ భాషలో ముగించారు రెండూ డేటాలో కాలమ్స్‌గా ఉండాలి, రేపు జవాబుల్లో తేడా మనుషుల వల్లా భాష వల్లా అని చూడాలంటే అదే ఆధారం.

ఎష్_అక్క
లక్సెంబుర్గిష్ బటన్ పెట్టడం మంచిదే గానీ నా అనుభవంలో పెద్దవాళ్లు అది నొక్కరు. మా పక్కింటి ముసలాయన నోరు తెరిస్తే లక్సెంబుర్గిషే, కానీ చదవమంటే జర్మన్ ఇయ్యమంటాడు. రాసింది చదవడం వాళ్లకి అలవాటు లేదు. ఫోన్ చేసి మాట్లాడితే మాత్రం "మోయెన్" (వాళ్ల నమస్కారం) అని మొదలుపెట్టాల్సిందే, ఫ్రెంచ్‌లో మొదలుపెడితే సగం మంది పెట్టేస్తారు.

కిర్చ్‌బర్గ్_కిరణ్
అక్కా కుర్రాళ్లు వాట్సాప్‌లో మొత్తం లక్సెంబుర్గిష్‌లోనే కొడతారు, మా టీమ్‌లో ఇద్దరు అంతే. మనం తెలుగుని ఇంగ్లీష్ అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టినట్టు, స్పెల్లింగ్ ఎవరిది వాళ్లదే. నేను పౌరసత్వం కోసం స్ప్రోఖెన్‌టెస్ట్‌కి, అంటే లక్సెంబుర్గిష్ పరీక్షకి, చదువుతున్నా కాబట్టి వాళ్ల మెసేజ్‌లే నాకు ప్రాక్టీసు. రాయడం చదవడం పెరుగుతోంది, బటన్ ఉండాల్సిందే.

ఎష్_అక్క
కుర్రాళ్ల సంగతి సరే. పెద్దవాళ్ల విషయంలో నా మాట మార్చుకోను. వాళ్లకి ఫోనే.

పీజీ_పావని
నేను స్టూడెంట్‌ని, డౌట్. పౌరసత్వం అడిగి దాన్ని బట్టి భాష పంపించేస్తే సరిపోదా? లక్సెంబర్గ్ పౌరులకి లక్సెంబుర్గిష్, పోర్చుగల్ వాళ్లకి పోర్చుగీస్ అలా.

డేటా_దీప్తి
వద్దు పావనీ. 2009 నుంచి అక్కడ రెండు పౌరసత్వాలు ఉంచుకోవచ్చు. పోర్చుగీస్ కుటుంబంలో పుట్టి, లక్సెంబర్గ్ పాస్‌పోర్ట్ ఉండి, బడి జర్మన్‌లో చదివి, ఫ్రెంచ్‌లో ఉద్యోగం చేసే అమ్మాయిని ఏ డబ్బాలో వేస్తావ్? పౌరసత్వం ఒక ప్రశ్న, ఇంట్లో భాష ఇంకో ప్రశ్న, పని దగ్గర భాష ఇంకోటి. సర్వే ఏ భాషలో కావాలో మనిషినే అడగాలి.

బ్రస్సెల్స్_భాస్కర్
అవన్నీ అడిగేటప్పుడు జీడీపీఆర్, అదే ఈయూ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, చూసుకోండి. 100 కమ్యూన్లు (మన పంచాయతీ, మునిసిపాలిటీ లాంటివి) ఉన్న దేశం అది, వెయ్యి మంది అటూ ఇటూ జనాభా ఉన్న కమ్యూన్లు కూడా ఉన్నాయి. ఊరు పేరు, సరిగ్గా వయసు, పౌరసత్వం, ఉద్యోగం నాలుగూ ఒక వరుసలో ఉంటే పేరు తీసేసినా ఆ మనిషి ఎవరో ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. ఊరి బదులు కాంటన్ (అక్కడ జిల్లా లాంటిది) అడగండి, 12 ఉన్నాయి, లేకపోతే ఎన్నికల ప్రాంతాలు నాలుగు: దక్షిణం, మధ్య, ఉత్తరం, తూర్పు. వయసు పదేళ్ల బ్రాకెట్లలో. క్లయింట్ ముడి డేటా అడుగుతాడు, ఇవ్వకండి.

సర్వే_సతీష్
ఇప్పటికే అడిగాడు. సరే, ఇవన్నీ పెట్టి క్లయింట్‌కి ఒక నోట్ తయారుచేశా. వెయ్యి అన్నది ఆన్‌లైన్‌లోనే తేవాలన్న పట్టు వదలాలి, 600 ఆన్‌లైన్ ఐదు భాషల్లో, 400 అక్కడి లోకల్ ఏజెన్సీతో ఫోన్‌లో, ఫోన్ చేసేవాళ్లు లక్సెంబుర్గిష్ పోర్చుగీస్ వచ్చినవాళ్లే. 20 నిమిషాలది 12కి తగ్గించాలి. బోర్డర్ దాటి వచ్చేవాళ్లకి విడిగా చిన్న సర్వే. షాపుల లిస్టులో పక్క దేశాలవి. స్కేల్ 0 నుంచి 10. వచ్చేవారం ఒప్పుకుంటే జులై ఆఖరుకి ఫోన్లు మొదలెట్టి ఆగస్టులో ముగిద్దామనుకుంటున్నా.

ఎష్_అక్క
ఆగస్టు వద్దే వద్దు!! జులై ఆఖరు నుంచి ఆగస్టు మధ్య దాకా ఇక్కడ కన్‌స్ట్రక్షన్ రంగానికి మొత్తం సామూహిక సెలవు. బిల్డింగ్ పనులన్నీ ఆగిపోతాయి, పోర్చుగీస్ కుటుంబాలు కార్లు సర్దుకుని పోర్చుగల్ వెళ్లిపోతాయి, మా వీధి వీధంతా షట్టర్లు దించి ఉంటుంది. మీకు ఎవరు తక్కువ పడ్డారో సరిగ్గా వాళ్లే ఊళ్లో ఉండరు. సెప్టెంబర్ మధ్యలో మొదలెట్టండి, బళ్లు తెరిచాక.

లెక్కల_మాస్టారు
నోట్ బాగుంది. ఫోన్లకి ఒక ఇబ్బంది ఉంది, లక్సెంబర్గ్ నంబర్లకి ఏరియా కోడ్ ఉండదు, మొబైల్ నంబర్ చూసి ఏ ఊరో చెప్పలేరు. కాబట్టి ప్రాంతం ప్రశ్న మొదట్లోనే పెట్టండి. వెయిట్లు వేశాక ఎవరికైనా 4, 5 వస్తే ఆ మనిషి ఒక్కడు ఐదుగురి తరఫున మాట్లాడుతున్నట్టు, అలాంటివి ఎక్కువైతే మీ వెయ్యి నిజానికి ఆరొందల విలువే చేస్తుంది. రిపోర్టులో ఆ అసలు విలువ కూడా రాయండి.

హైటెక్_హరి
ఇన్సెంటివ్ ఎంత ఇస్తున్నారు?

సర్వే_సతీష్
పూర్తి చేస్తే ఒక యూరో పాయింట్లు.

ఎష్_అక్క
ఇక్కడ కనీస వేతనమే నెలకి 2,600 యూరోలు పైన. ఒక యూరోకి కాఫీ కూడా రాదు తమ్ముడూ. పెంచమని అదే నోట్‌లో రాయి.

జ్యూరిక్_జానకి
ఫోన్ వాళ్లని సాయంత్రం 6 నుంచి 8:30 మధ్య చేయమనండి, మీకు హైదరాబాద్‌లో సెప్టెంబర్‌లో రాత్రి తొమ్మిదిన్నర నుంచి పన్నెండు అవుతుంది, కాల్స్ వినే షిఫ్ట్ ఇప్పుడే అడిగి పెట్టుకోండి. పోర్చుగీస్ అనువాదం బ్రెజిల్ వాళ్లతో చేయించకండి, పోర్చుగల్ వాళ్లు మొదటి వాక్యంలోనే పట్టేస్తారు.

సర్వే_సతీష్
ఓపెన్ ఎండ్ జవాబుల, అంటే సొంత మాటల్లో రాసినవాటి, సంగతేంటి? కోడింగ్‌కి, అంటే ఆ జవాబుల్ని రకాలుగా విడగొట్టి కోడ్‌లు వేయడానికి, మా దగ్గర ఫ్రెంచ్ జర్మన్ చదివిన పిల్లలు ఉన్నారు, ఇక్కడి భాషల యూనివర్సిటీ ఇఫ్లూ నుంచి వచ్చినవాళ్లు, బాగా చేస్తారు. లక్సెంబుర్గిష్ జవాబులు వస్తే జర్మన్ వచ్చిన అమ్మాయి నెట్టుకురాగలదా?

కిర్చ్‌బర్గ్_కిరణ్
పొడి పొడి మాటలైతే గలదు. వాక్యాలైతే కష్టం, పైగా ఒకే వాక్యంలో సగం ఫ్రెంచ్ మాటలు దూరుతాయి. ఫోన్ చేసే ఏజెన్సీ వాళ్లనే అక్కడికక్కడ ఫ్రెంచ్‌లో ఒక లైను సారాంశం రాయమనండి, అసలు జవాబు కూడా పక్కన ఉంచమనండి. ఆన్‌లైన్‌లో లక్సెంబుర్గిష్‌లో వచ్చేవి తక్కువే ఉంటాయి, ముందు ఒక యాభై పంపండి, పేర్లు ఊర్లు లేకుండా, క్లయింట్ ఒప్పుకుంటేనే. మా టీమ్‌లో ఆ ఇద్దర్ని కూర్చోబెట్టి మీ కోడ్ లిస్ట్ సరిపోతుందో లేదో చూసి చెప్తా.

సర్వే_సతీష్
కిరణ్ బ్రో, అడిగి చెప్తా. నోట్ ఇప్పుడే పంపా, దాంతో పాటు ఆ "ఇతరములు" కాలమ్ స్క్రీన్‌షాట్ కూడా, ట్రియర్లన్నీ పసుపు రంగేసి.